ఆస్పరాగస్ లేత మొక్కల పోషణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పెరటి తోట శీర్షికకు ఈ మధ్య అందిన ఉత్తరాల్లో ఆస్పరాగస్‌ను గురించినవే ఎక్కువగా ఉన్నాయి. చాలామంది మొదటి రెండేళ్ల మొక్కల సంగతే అడిగారు కాబట్టి, ఒకే తరహా ప్రశ్నలను కలిపి ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాము. కూరకు కోసే లేత కాడలను ఈ జవాబుల్లో పిలకలు అంటున్నాము. మట్టిలో వేళ్లూ మొగ్గలూ కలిసి ఉండే భాగాన్ని వేరుదుబ్బు అంటున్నాము. నర్సరీల వారు క్రౌన్ అని అమ్మేది దీన్నే.

ప్రశ్న: విత్తనాలు వేసి మూడు నెలలు కావస్తోంది. మొలిచిన మొక్కలు దారప్పోగుల్లా సన్నగా, జానెడు ఎత్తు కూడా లేకుండా ఉన్నాయి. కొన్ని గింజలు నెల దాటిన తరువాత గానీ మొలవలేదు. ఎరువు తక్కువైందా? వీటిని మడిలోకి ఎప్పుడు మార్చాలి?

జవాబు: మీ నారులో లోపమేమీ కనిపించడం లేదు. ఆస్పరాగస్ గింజ పై పెంకు గట్టిగా ఉంటుంది, పైగా మొలకెత్తడం మట్టి వెచ్చదనాన్ని బట్టి ఉంటుంది. మట్టి 24 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటే రెండు వారాల్లోపే మొలకలు కనిపించవచ్చు. అదే 10 డిగ్రీల దగ్గర ఉంటే ఏడెనిమిది వారాలు పడుతుంది. మళ్లీ వేసేటప్పుడు గింజలను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఒకటి రెండు సెంటీమీటర్ల లోతున వేస్తే మొలకలు ఇంతకన్నా సమంగా వస్తాయి.

సన్నదనం గురించి కూడా ఆందోళన పడవద్దు. ఈ దశలో మొక్క తన బలాన్నంతా కిందికే పంపుతుంది. ఒక మొక్కను జాగ్రత్తగా మట్టితో సహా తీసి కడిగి చూస్తే, పైన రెండు సన్నని కాడలే ఉన్నా, కింద తెల్లగా, కండగా ఉన్న వేళ్లు అప్పటికే నాలుగైదు దిక్కులకు సాగి ఉండటం, అవి కలిసే చోట పొలుసులు కప్పుకున్న చిన్న మొగ్గ ఒకటి ఉండటం కనిపిస్తుంది. ఆ మొగ్గ నుంచి వచ్చే తరువాతి పిలక మొదటి దానికన్నా కొంచెం లావుగా ఉంటుంది, దాని తరువాతది మరికొంచెం. మనం ఆకులనుకునే ఆ మెత్తని సూదులు నిజానికి ఆకులు కావు, రూపం మారిన సన్నని కొమ్మలు; అసలు ఆకులు పిలక మీద అంటుకుని కనిపించే పొలుసులే. ఎండను పట్టి ఆహారం తయారు చేసే పనిని ఆ సూదులే చేస్తాయి. అందుచేత చూడటానికి అంతంతమాత్రంగా ఉన్నా వాటిని తుంచడం గానీ కత్తిరించి సరిచేయడం గానీ చేయకూడదు.

ఈ వయసులో నారును చంపేది ఎక్కువగా కలుపే. పల్చని సూదుల నీడ నేలను కప్పదు కాబట్టి కలుపుకు వెలుతురు బాగా దొరుకుతుంది, పదిహేను రోజులు పట్టించుకోకపోతే నారు అందులో కనిపించకుండా పోతుంది. వేరుదుబ్బు నేలకు దగ్గరగానే ఉంటుంది కనుక పార, తవ్వుగోల వాడకుండా, మట్టి తడిగా ఉన్నప్పుడు చేత్తో పీకడమే మంచిది. పీకేటప్పుడు రెండో చేత్తో నారు మొదలును అదిమి పట్టుకుంటే అది కదలకుండా ఉంటుంది. తడి విషయానికి వస్తే, చదరపు మీటరుకు వారానికి సుమారు 25 లీటర్లు, అంటే రెండున్నర సెంటీమీటర్ల వానకు సమానమైన నీరు సరిపోతుంది. దాన్ని రోజూ చిలకరించే బదులు వారానికి రెండుసార్లు లోతుగా తడిసేలా పెట్టాలి. కుండీలో ఉన్న నారుకైతే ఈ లెక్క పనికిరాదు. వేలు మట్టిలో గుచ్చి చూసి, రెండు కణుపుల లోతున పొడిగా ఉంటే అప్పుడు పోయండి.

చిన్న కుండీల్లో పెంచిన నారును, చలి పోయి నేల వెచ్చబడ్డాక, పది పన్నెండు వారాల వయసులో మడిలోకి మార్చవచ్చు. నారుమడిలోనే వేసినట్లయితే ఏడాది పాటు అక్కడే ఉంచి, చలికి పైకాడలు ఎండి మొక్కలు నిద్రావస్థలో ఉన్నప్పుడు తవ్వి నాటడం తేలిక.

ప్రశ్న: నర్సరీ నుంచి ఏడాది వయసున్న వేరుదుబ్బులు తెచ్చాము. ఎంత లోతున నాటాలో ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతున్నారు. సరైన పద్ధతి ఏది?

జవాబు: నేల తీరును బట్టి లోతు మారుతుంది కాబట్టి, వేరువేరుగా చెప్పిన వాళ్లందరూ వాళ్ల వాళ్ల నేలకు సరిగానే చెప్పి ఉండవచ్చు. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న గరప నేలలో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు కందకం తీయాలి. బంకమట్టిలో 10 నుంచి 15 సెంటీమీటర్లు చాలు. అంతకన్నా లోతైతే నీరు నిలిచి దుబ్బు కుళ్లుతుంది. మరీ పైపైన నాటితే ఇంకో చిక్కు ఉంది. ఏటేటా కొత్త మొగ్గలు పాతవాటి పక్కన, కాస్త పైన పుట్టడం వల్ల దుబ్బు మెల్లమెల్లగా పైకి జరుగుతూ వస్తుంది, పిలకలు గుంపుగా, సన్నగా రావడం మొదలవుతుంది.

లోతు కన్నా ముందు ఆలోచించవలసింది చోటు. ఆస్పరాగస్ ఒకసారి కుదురుకుంటే పది పదిహేనేళ్లు అదే మడిలో ఉంటుంది, తరువాత కదిలించడం దాదాపు అసాధ్యం. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ తగలాలి, వాన వెలిసిన తరువాత నీరు నిలవకూడదు, పక్కన పెద్ద చెట్ల వేళ్లు ఉండకూడదు. ఇంతకుముందు ఆస్పరాగస్ పెరిగిన మడిలో మళ్లీ దాన్నే నాటవద్దు. పాత వేళ్లు వదిలిన పదార్థాలు, మట్టిలో మిగిలిపోయిన ఫ్యుజేరియం అనే శిలీంధ్రం కలిసి కొత్త మొక్కలను ఎదగనివ్వవు. నేల ఉదజని సూచిక (పీహెచ్, అంటే నేల ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5 నుంచి 7.5 మధ్య ఉండటం మేలు. ఆమ్లగుణం ఎక్కువైన నేలలో ఈ శిలీంధ్రానికే బలం పెరుగుతుంది కాబట్టి, సూచిక ఆరుకన్నా తక్కువ ఉంటే నాటడానికి కొన్ని నెలల ముందే సున్నం కలిపి సరిచేసుకోవాలి.

కందకం అడుగున బాగా చివికిన కంపోస్టు, భాస్వరం ఇచ్చే ఎరువు వేసి మట్టితో కలపండి. భాస్వరం మట్టిలో ఉన్నచోటు నుంచి దాదాపు కదలదు, నాటిన తరువాత పైన చల్లితే వేళ్లకు చేరదు. ఇది ఇప్పుడు చేయకపోతే మళ్లీ అవకాశం రాదు. పచ్చి పేడ మాత్రం వద్దు. తరువాత కందకం మధ్యలో పొడుగునా మట్టిని చిన్న గట్టులా పోసి, మొగ్గలు పైకి ఉండేలా దుబ్బును దాని మీద కూర్చోబెట్టి, వేళ్లను రెండు వైపులా కిందికి పరచండి. మొక్కకూ మొక్కకూ మధ్య 30 నుంచి 45 సెంటీమీటర్లు, వరుసకూ వరుసకూ మధ్య 120 నుంచి 150 సెంటీమీటర్లు వదలాలి. ఇంత దూరం దండగని ఇప్పుడు అనిపిస్తుంది, నాలుగో ఏడు వచ్చేసరికి ఎందుకు వదలమన్నామో తెలుస్తుంది.

మొదట 5 సెంటీమీటర్ల మట్టి మాత్రమే కప్పి నీరు పెట్టండి. పిలకలు పైకి వచ్చే కొద్దీ, వాటి తలలు పూర్తిగా కూరుకుపోకుండా, కొన్ని వారాలకొకసారి కొద్దికొద్దిగా మట్టి తోస్తూ, ఆ పెరుగుదల కాలం పూర్తయ్యేలోగా కందకాన్ని నేల మట్టానికి నింపండి. తెచ్చిన రోజే నాటడం కుదరకపోతే దుబ్బులను తడి ఇసుకలో నీడన ఉంచాలి. ఎండిపోయి ముడతలు పడిన వేళ్లు, నొక్కితే మెత్తగా దిగబడే వేళ్లు ఉన్న దుబ్బులను నాటకుండా పక్కన పెట్టడమే మంచిది. వాటి మీద జాలిపడి నాటితే తెగులును మడిలోకి మనమే తెచ్చినట్లవుతుంది.

ప్రశ్న: నిరుడు నాటిన మొక్కలకు ఈ ఏడు పెన్సిలంత లావు పిలకలు వచ్చాయి. మొక్కకు రెండు చొప్పున కోసుకుంటే ఏమవుతుంది? అన్నీ వదిలేయమనడం అతి జాగ్రత్త కాదా?

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఏదో ఒక రూపంలో ఇదే అడిగాయి. కోసుకుంటే మొక్క వెంటనే చచ్చిపోదు, అందుకే ఈ సలహాను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నష్టం తరువాతి ఏట, ఆపై ఏట కనబడుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

పిలక బయటికి వచ్చేటప్పుడు దానికి కావలసిన ఆహారమంతా కండగల వేళ్లలో ముందటి ఏడు దాచిన చక్కెరల నుంచే వస్తుంది. ఆ పిలక కొమ్మలు వేసి, సూదులు విప్పుకుని, నడుమెత్తు దాటి పొదలా నిలిచిన తరువాత గానీ తిరిగి వేళ్లకు ఆహారం పంపడం మొదలుపెట్టదు. అంటే పిలకను కోసిన ప్రతిసారీ, మొక్క ఖర్చు పెట్టింది పోతుంది, రావలసింది రాకుండా పోతుంది. పదేళ్ల దుబ్బుకు ఇది లెక్కలోకి రాదు, దాని వేళ్లు మీటరు దాటి లోతుకూ పక్కలకూ పాకి ఉంటాయి. రెండో ఏటి దుబ్బుకు ఉండేది కొద్దిపాటి వేళ్లు, ఏడెనిమిది మొగ్గలు. అందులో రెండు పిలకలు తీసేస్తే ఆ ఏడు దాని ఎదుగుదలలో నాలుగో వంతు తీసేసినట్లే.

నాటిన ఏడు ఒక్కటి కూడా కోయవద్దు. రెండో ఏడు కూడా వదిలేయడమే మా సలహా. మొక్కలు నిజంగా బలంగా ఉండి, నిరుటి పొదలు మీటరుకు పైగా పెరిగి ఉంటే, ఒక వారం పాటు లావుపాటి పిలకలను మాత్రం కోసుకున్నా ఫరవాలేదని చెప్పే అనుభవజ్ఞులున్నారు, వారి మాట తప్పని అనలేము. మూడో ఏడు రెండు మూడు వారాలు, నాలుగో ఏటి నుంచి ఆరు నుంచి ఎనిమిది వారాలు కోయవచ్చు. ఈ లెక్కలు వేరుదుబ్బులు నాటినవారికి. గింజ నుంచి పెంచినవారు ఒక ఏడు కలుపుకోవాలి. క్యాలెండర్ కన్నా మొక్కను నమ్మడం మంచిది: కొత్తగా వచ్చే పిలకల్లో ఎక్కువ భాగం పెన్సిల్ కన్నా సన్నగా కనిపించిన రోజున కోత ఆపేయాలి.

ఒక అపోహ కూడా తొలగించుకోవాలి. సన్నని పిలక లేతదని, లావుది ముదిరినదని అనుకుంటారు. లావు దుబ్బు బలాన్ని చెబుతుందే తప్ప పిలక వయసును చెప్పదు. ముదురో లేతో తెలుసుకోవాలంటే కొన చూడాలి: పొలుసులు దగ్గరగా బిగిసి ఉంటే లేత, విడివడి మధ్యలోంచి కొమ్మలు తొంగిచూస్తుంటే ముదిరినట్లు. వేడి ఎక్కువైన రోజుల్లో పొట్టి పిలక కూడా ఇలా విచ్చుకుంటుంది.

ప్రశ్న: పచ్చగా ఉన్న పొదలు ఒక్కసారిగా పసుపు రంగుకు తిరుగుతున్నాయి. తెగులా, నీరు తక్కువైందా?

జవాబు: ఏ కాలంలో అన్నది మీరు రాయలేదు, జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. చలి మొదలవుతున్నప్పుడు మడి మొత్తం సమంగా పసుపు తిరిగితే అది సహజం. మొక్క ఆహారాన్ని వేళ్లకు దించుకుని నిద్రావస్థకు పోతోంది. కాడలు పూర్తిగా ఎండి గోధుమ రంగుకు వచ్చే వరకు కోయకుండా ఉంచి, కొత్త పిలకలు రాకముందే నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తున కోసి మడి నుంచి తీసేయండి.

పెరుగుదల కాలంలో, అదీ అక్కడొకటి ఇక్కడొకటిగా పసుపు తిరిగితే మాత్రం అనుమానించాలి. ఒక కాడను మొదలు దగ్గర చీల్చి చూడండి. లోపల ఎర్రటి గోధుమ రంగు చారలుంటే ఫ్యుజేరియం వల్ల వచ్చే వేరుకుళ్లు అయ్యే అవకాశం ఎక్కువ. ఇంటి తోటలో దీనికి నమ్మకమైన మందు లేదు; ఆ మొక్కను చుట్టూ మట్టితో సహా తవ్వి తీసేసి, మిగిలిన మడిలో నీరు నిలవకుండా చూసుకోవడమే దారి. కాడల మీద వేలితో రుద్దితే నారింజ, ఇటుక రంగు పొడి అంటుకుంటే అది తుప్పు తెగులు. దీన్ని తడిసిన పొదలు పెంచుతాయి కాబట్టి నీటిని పైనుంచి చల్లక మొక్క మొదలు దగ్గరే పెట్టండి, తెగులు సోకిన కాడలను కాలం ముగియగానే తీసి కాల్చేయండి లేదా దూరంగా పారేయండి, కంపోస్టులో వేయవద్దు. ఈ రెండు గుర్తులూ లేకపోతే, వేళ్ల దగ్గర మట్టి తీసి పిడికిట్లో పిసకండి. నీరు కారితే తడి ఎక్కువైనట్లు. నీరు తక్కువై పసుపు తిరగడం ఈ మొక్కలో దానికన్నా అరుదు.

ప్రశ్న: ఆస్పరాగస్ మడిలో ఉప్పు చల్లితే కలుపు రాదని, మొక్క బాగా పెరుగుతుందని విన్నాము. నిజమేనా?

జవాబు: ఆస్పరాగస్ చాలా కూరగాయల కన్నా ఉప్పును ఎక్కువగా తట్టుకుంటుంది, కొన్ని కలుపు మొక్కలు తట్టుకోలేవు, ఈ పాత అలవాటు అక్కడి నుంచి వచ్చింది. ఉప్పు వల్ల వేరుకుళ్లు కొంత తగ్గినట్లు పరిశోధనల్లో తేలిన మాట కూడా వాస్తవమే. అయినా ఇంటి తోటలో, అందునా లేత మొక్కలకు, వద్దనే చెబుతాము. ఉప్పు చేరిన బంకమట్టి గట్టిపడి నీటిని ఇంకనివ్వదు, పక్క మళ్లలోని మొక్కలు దెబ్బతింటాయి, ఒకసారి వేసిన తరువాత తీయలేము. ఎండుగడ్డి గానీ ఎండుటాకులు గానీ నాలుగు వేళ్ల మందాన పరిస్తే కలుపు తగ్గడమే కాక తడి కూడా నిలుస్తుంది.

ప్రశ్న: కొన్ని పిలకలు ఒక పక్కకు కొక్కెంలా వంగిపోతున్నాయి. వాటి మీద చిన్న నల్లని పుల్లల్లాంటివి నిలువుగా అంటుకుని ఉన్నాయి. ఇవేమిటి?

జవాబు: ఆ పుల్లలు ఆస్పరాగస్ పెంకుపురుగు గుడ్లు. ముదురు రంగులో, మిల్లీమీటరు పొడవున, ఒక కొన మాత్రం కాడకు అంటించి వరుసగా పెడుతుంది. తల్లి పురుగు ఆరు మిల్లీమీటర్ల పొడవున, నీలి నలుపు రెక్కల మీద మీగడ రంగు మచ్చలతో ఉంటుంది. పిల్ల పురుగులు బూడిద రంగులో, నల్లని తలతో, మెత్తగా ఉంటాయి. పిలకను ఒక పక్క కొరికితే ఆ పక్క ఎదుగుదల ఆగి, ఎదుగుతున్న రెండో పక్క దాన్ని వంచేస్తుంది. గాలికి ఇసుక కొట్టుకున్నా, పార అంచు తగిలినా ఇలాగే వంగుతుంది కాబట్టి, గుడ్లు కనిపిస్తేనే పురుగని నిర్ధారించుకోండి.

కొద్ది మొక్కలే కనుక చేతిపని చాలు. తెల్లవారుజామున చల్లదనానికి పురుగులు చురుగ్గా ఉండవు, అప్పుడు సబ్బునీళ్ల గిన్నెలోకి దులపండి. గుడ్లను వేళ్ల మధ్య నలపండి. పొద మీది పిల్ల పురుగులను మధ్యాహ్నం ఎండలో వేడిగా ఉన్న నేల మీదికి రాలిస్తే వాటిలో ఎక్కువ భాగం తిరిగి ఎక్కలేవు. ఈ గుడ్లలో తన గుడ్లు పెట్టి నాశనం చేసే చిన్న కందిరీగ ఒకటి ఉంది. కనబడిన ప్రతి పురుగునూ చంపే మందు కొడితే ముందు పోయేది అదే. ఎండిన కాడల బోలులో పెద్ద పురుగులు చలికాలం దాక్కుంటాయి కాబట్టి, పాత కాడలను మడి నుంచి తీసేయమన్న సలహాకు ఇది మరో కారణం.

ప్రశ్న: మా మొక్కల్లో రెండింటికి ఎర్రని కాయలు కాశాయి. తినవచ్చా? ఉంచాలా, తీసేయాలా?

జవాబు: తినకూడదు, కడుపునొప్పి, వాంతులు కలిగిస్తాయి, పిల్లలు ఉన్న ఇంట్లో వాటిని ఎప్పటికప్పుడు కోసేయడం మంచిది. ఆస్పరాగస్‌లో మగ, ఆడ మొక్కలు వేరువేరు, కాయలు ఆడ మొక్కలకే కాస్తాయి. మగ మొక్కలు కాయల మీద బలం ఖర్చు పెట్టవు కాబట్టి ఎక్కువ పిలకలు వేస్తాయి, ఆడ మొక్కల పిలకలు తక్కువైనా లావుగా ఉంటాయి. అందుకని ఆడ మొక్కలను పీకేయవలసిన పని లేదు. కాయలు రాలి మొలిచే మొక్కలను మాత్రం కలుపుగానే లెక్కించి తీసేయండి, లేకపోతే రెండేళ్లలో మడి కిక్కిరిసిపోతుంది.

ప్రశ్న: నేల లేదు, మేడ మీద కుండీలో పెంచవచ్చా?

జవాబు: పెంచవచ్చు గానీ నేలలో వచ్చినంత కాలం, వచ్చినంత దిగుబడి ఆశించవద్దు. కనీసం 45 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు ఉన్న తొట్టెకు ఒక్క దుబ్బు మాత్రమే నాటండి. ఎదిగిన పొద గాలికి విరగకుండా కర్ర ఊతం ఇవ్వండి.

ప్రశ్న: మా ప్రాంతంలో చలికాలం పేరుకే ఉంటుంది. నాటి రెండున్నర ఏళ్లయినా మొక్కలు ఎప్పుడూ ఎండిపోలేదు, ఏడాది పొడవునా సన్నని పిలకలు వస్తూనే ఉన్నాయి. వీటికి విశ్రాంతి ఎలా ఇవ్వాలి? కోత ఎప్పుడు మొదలుపెట్టాలి?

జవాబు: చలి లేని చోట రెండు మార్గాలున్నాయి. వానలు లేని నెలల్లో నీరు ఆపేసి మడిని ఎండగట్టడం మొదటిది. పొదలు పసుపు తిరిగి ఎండాక వాటిని కోసి, కంపోస్టు వేసి, నీరు పెడితే పిలకలు ఒక్కసారిగా వస్తాయి. పొడి వాతావరణం ఉన్నచోట ఇది బాగా పనిచేస్తుంది.

వానలు ఎడతెగని చోట నేలను ఎండగట్టడం కుదరదు కాబట్టి, తైవాన్, థాయ్‌లాండ్ రైతులు అనుసరించే తల్లికాడల పద్ధతి నయం. దుబ్బుకు మూడు నుంచి ఐదు బలమైన కాడలను, ఒకదానికొకటి ఎడంగా ఉన్నవి చూసి, పొదలుగా ఎదగనిచ్చి ఊతం కడతారు; అవి వేళ్లకు ఆహారం పంపుతూ ఉంటే, వాటి పక్కన వచ్చే కొత్త పిలకలను కోసుకుంటారు. తల్లికాడలు ముదిరి పసుపు తిరిగినప్పుడు కోత ఆపి, కొత్తవాటిని నిలుపుకుని, అవి పూర్తిగా విచ్చుకున్న తరువాతే పాతవాటిని తీసేస్తారు. మీ మొక్కల పిలకలు ఇంకా సన్నగానే ఉన్నాయని రాశారు. అందుచేత ఈ ఏడు ఏ దుబ్బుకూ కోత పెట్టక, అన్నిటికన్నా లావుగా వచ్చిన నాలుగైదింటిని తల్లికాడలుగా నిలపండి. వాటి పొదలు బాగా విప్పుకున్న తరువాత వచ్చే పిలకలు పెన్సిలంత లావు తేలితే, అప్పుడు వారానికి ఒకటి రెండు చొప్పున కోత మొదలుపెట్టవచ్చు.